రుక్కి సంతకం

ఈ మాట పదకొండేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. కట్టుకున్నవాడికి చెప్పలేదు. కన్నతల్లికి చెప్పలేదు. దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా దాన్ని తప్పించుకుని మిగతావన్నీ మొక్కుకునేదాన్ని. అన్నం కలుపుకుంటుంటే గుర్తొచ్చేది. తరగతిలో హాజరు పిలుస్తుంటే గుర్తొచ్చేది. గుర్తొచ్చిన ప్రతిసారీ నా మీద నాకే ఒళ్లు మండిపోయేది. అయినా నోరు తెరవలేదు. లోపల్లోపల నన్ను నేను తిట్టుకుంటే శిక్ష పడినట్టే అనుకున్నానేమో. ఎవరూ వినని తిట్లు, ఎవరూ చూడని శిక్ష. ఎంత సుఖమైన ఏర్పాటు!

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు దాచుకోవడం పిరికితనమని నాకూ తెలుసు, అది కూడా నా లెక్కలోనే వేసుకోండి. టీచర్ని. పుట్టింది సూర్యాపేటలో. మొదట పనిచేసింది మిర్యాలగూడ చుట్టుపక్కల. ఇప్పుడు కోదాడలో ఉంటున్నాను. ఇంతకు మించి అక్కర్లేదు. ఒక్కటే అడుగుతున్నాను, చదివాక నన్ను ఓదార్చకండి. "ఆ రోజుల్లో అందరూ అంతేగా" అనకండి. ఆ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. దాని రుచి నాకు బాగా తెలుసు.

ఎనభైల చివర్లో సంగతి. మిర్యాలగూడలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. రోజూ పొద్దున బస్సెక్కి వేములపల్లి దాటాక ఒక ఊళ్లో దిగేదాన్ని. ఊరి పేరు రాయను. మూడు గదుల బడి, ముగ్గురం టీచర్లం. ఊరి పిల్లలు, పక్కనే కిలోమీటరు దూరంలో ఉన్న తండా పిల్లలు వచ్చేవారు. ఒకరోజు సర్కారు నుంచి బడికి ఒక ఇనప పెట్టె వచ్చింది. దాన్నిండా పిల్లల పుస్తకాలు. రంగు బొమ్మలవి, పెద్దపెద్ద అక్షరాలవి, కథలవి, జంతువులవి, పిట్టలవి. అట్టలు తెరుస్తుంటే కొత్త కాగితం వాసన. పిల్లలు కిటికీల దగ్గర గుమిగూడి చూశారు. కొందరు చువ్వల్లోంచి చేతులు చాపారు.

ఆ పెట్టె చార్జి నాకిచ్చారు. చార్జి అంటే తెలుసు కదా. లోపల ఉన్న ప్రతి పుస్తకానికీ నేను జవాబుదారీ. ఒకటి పోయినా, చిరిగినా నా జీతంలోంచి కోస్తారని చెప్పారు. అప్పటిదాకా ఎవరికైనా కోశారా? నాకు తెలిసి లేదు. కానీ ఆ భయం ఒక్కటి చాలు. నేను ఆ రోజే తాళం వేశాను. పుస్తకాల మధ్య కలరా ఉండలు వేశాను. తాళంచెవి నా పర్సులో వేసుకున్నాను.

చుట్టుపక్కల బళ్లన్నిట్లో ఇదే తంతు. పుస్తకాలు పెట్టెలో ఉంటాయి, పిల్లలు బయట ఉంటారు. మరి పైనుంచి ఎవరైనా వచ్చి, పిల్లలకు పుస్తకాలు ఇస్తున్నారా అని అడిగితే? అందుకు ఒక పద్ధతి ఉండేది. ఏ పుస్తకం ఏ పిల్లకిచ్చాం, ఎప్పుడిచ్చాం, ఎప్పుడు తిరిగి తెచ్చింది అని రాసే ఇష్యూ రిజిస్టరు ఒకటి ఉంటుంది. తనిఖీ ఉందని కబురు తెలియగానే, మేం కూర్చుని ఆ రిజిస్టరు నింపేవాళ్లం. ఒక వైపు హాజరు పట్టీలోంచి పిల్లల పేర్లు, ఇంకో వైపు పెట్టెలోంచి పుస్తకాల పేర్లు. వేర్వేరు రోజుల్లో రాసినట్టు కనపడాలని రెండు మూడు పెన్నులు మార్చేవాళ్లం. నీలం సిరాతో కొన్ని, నల్లసిరాతో కొన్ని. ఆ తర్వాత పిల్లల్ని వరసలో నిలబెట్టి సంతకాలు పెట్టించేవాళ్లం. నాకు ఈ పని చక్కగా వచ్చు. నా రిజిస్టరు చూసి ఒకసారి తనిఖీకి వచ్చినాయన బాగుందని రాసి వెళ్లాడు. పెట్టె తెరిపించలేదు. ఏ పిల్లనూ పిలిచి, ఏం చదివావు అని అడగలేదు. ఆయన మీద కూడా నాకు కోపమే. కానీ చూడండి, ఆయన మీద కోపం ఎంత సులువుగా వస్తోందో. అక్కడికి వెళ్లి దాక్కోవడం నాకు అలవాటే. ఆయన మాట వదిలేస్తాను.

రుక్కి ఐదో తరగతి. తండా పిల్ల. ఇంట్లో వాళ్ల భాష వేరు, తెలుగు బడికి వచ్చాకే నేర్చుకుంది. అందుకేనేమో, తెలుగు అక్షరం ఎక్కడ కనపడినా వదిలేది కాదు. గోడ మీద కుటుంబ నియంత్రణ రాతలు, ఎరువుల బస్తాల మీద పేర్లు, ఉప్పు పొట్లం కట్టిన పేపరు ముక్క, అన్నీ కూడబలుక్కుని చదివేది. చదివింది ఏమిటో నా దగ్గరకొచ్చి అడిగేది. విసుక్కునేదాన్ని. ఒకోసారి చెప్పేదాన్ని.

ఒకసారి తనిఖీకి ముందు సంతకాల వరసలో రుక్కి వంతు వచ్చింది. మిగతావాళ్లు గబగబా గీకి పోతున్నారు. ఈ పిల్ల మాత్రం పెన్ను పట్టుకుని, నాలుక కొస పంటి కింద పెట్టుకుని, ఇంటిపేరుతో సహా తన పేరు పూర్తిగా రాసింది. పక్కన నేను రాసిన పుస్తకం పేరు కూడా చదివింది. పిట్టల గురించిన పుస్తకం అది. చదివి, అక్కడే నిలబడింది.

"టీచర్, బుక్కు?" అంది.

"రేపిస్తగని పో" అన్నాను.

తర్వాత రోజు అడిగింది. ఆ తర్వాత రోజు కూడా అడిగింది. మూడో రోజు కసిరాను. ఆ పుస్తకం అసలు పెట్టెలో ఉంటే కదా!

అది మా ఇంట్లో ఉంది. మా అమ్మాయి దగ్గర. మా అమ్మాయిది రుక్కి వయసే, మిర్యాలగూడలో కాన్వెంటులో చదివేది. వారానికొక పుస్తకం పర్సులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లేదాన్ని, అది చదివాక తెచ్చి పెట్టెలో పెట్టి ఇంకోటి తీసుకెళ్లేదాన్ని. మా పిల్ల చింపదు, చేతులు కడుక్కుని పట్టుకుంటుంది, ఎవరో ఒకరు చదువుతున్నారు కదా, పుస్తకం సార్థకమవుతోంది కదా, అనుకునేదాన్ని. సార్థకమట! ఇప్పుడు ఆ మాట రాస్తుంటే పెన్ను విసిరికొట్టాలనిపిస్తోంది. పెట్టె వచ్చింది ఎవరి కోసం? చువ్వల్లోంచి చేతులు చాపిన వాళ్ల కోసం. నేను వాళ్ల పేర్లు రిజిస్టరులో రాసి, పుస్తకాలు మా ఇంటికి మోసుకెళ్లాను.

ఆ ఏడాది మా బడి పెద్దసారు రిటైరయ్యాడు. కొత్తగా వచ్చిన పెద్దసారు గట్టివాడు. చార్జి తీసుకునే ముందు ప్రతి వస్తువూ కళ్లతో చూడాలన్నాడు. గంట, బోర్డులు, కుర్చీలు, చివరికి పుస్తకాల పెట్టె. నేను ముందు రోజే సర్దుకోవాల్సింది. మా అమ్మాయి వదలక ఇంట్లోనే ఉండిపోయిన పిట్టల పుస్తకం సంగతే మర్చిపోయాను. ఆయన ఒక్కొక్కటీ తీసి స్టాకు రిజిస్టరుతో సరిచూశాడు. ఒకటి తక్కువైంది. ఇష్యూ రిజిస్టరు తెమ్మన్నాడు. తెచ్చాను. అందులో పిట్టల పుస్తకం ఎదురుగా రుక్కి పేరు, ముత్యాల్లాంటి అక్షరాలతో రుక్కి సంతకం. తిరిగి ఇచ్చిన తేదీ గడి ఖాళీగా ఉంది. మిగతావాటన్నిటికీ తేదీలు వేసి ఆ ఒక్కదానికి వేయడం మరిచాను.

రుక్కిని వరండాలోకి పిలిచాడు. పిల్లలందరూ తరగతుల గుమ్మాల్లో నిలబడ్డారు. ఇంటర్వెల్ టైము.

"బుక్కేది?" అన్నాడు పెద్దసారు.

"నాకియ్యలే సార్. టీచర్ సంతకం వెట్టుమన్నది, వెట్టిన. బుక్కియ్యలే" అంది రుక్కి. భయపడలేదు. నిజం చెప్తున్నప్పుడు పిల్లలు అట్లాగే నిలబడతారు. నా వైపు చూసింది. చెప్పు టీచర్, అన్నట్టు చూసింది. నేను తన పక్షాన సాక్ష్యం చెప్తాననుకుంది.

పెద్దసారు కూడా నా వైపు చూశాడు.

"అబద్ధం సార్. నేనే చేతికిచ్చిన" అన్నాను.

అది ఒక అబద్ధం. భయంతో వచ్చిందనుకోండి, ఉద్యోగానికి ఏమైనా అవుతుందనుకున్నాననుకోండి. కానీ నేను అక్కడ ఆగలేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ నన్ను తొయ్యలేదు. నా అంతట నేనే ఇంకో మాట అన్నాను.

"తండా పిల్లలు సార్. వీళ్లకు బుక్కు ఇలువ ఏమెరుక? ఇంట్ల పొయ్యిల పెట్టుంటరు."

ఆయన తల ఊపాడు. అంతే. ఇంకేమీ విచారణ లేదు. రుక్కి ఊరి పెద్ద రైతు కూతురై ఉంటే ఆయన అంత తొందరగా తల ఊపేవాడా? నేను ఆ మాట అనగలిగేదాన్నా? అనేదాన్ని కాదు. ఎవరి మీద వేస్తే నిలబడుతుందో నాకు తెలుసు. పదకొండేళ్ల పిల్ల మీద అబద్ధం ఆడినందుకు నాకు ఎంత కోపమో, ఆ రెండో మాట అంత తేలిగ్గా నోట్లోకి వచ్చినందుకు అంతకు రెండింతల కోపం. అది ఆ రోజు పుట్టిన మాట కాదు. నాలో ముందునుంచే ఉంది.

పుస్తకం తెస్తేనే బడికి రావాలని చెప్పి పెద్దసారు రుక్కిని పంపేశాడు. ఆ పిల్ల ఏడవలేదు. సంచి తీసుకుని, నా ముందునుంచి నడిచి వెళ్లింది. గేటు దగ్గర ఒకసారి ఆగి వెనక్కి చూసింది. నేను బోర్డు తుడవడానికి లోపలికి వెళ్లాను. బోర్డు మీద ఏమీ లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా అమ్మాయి చాప మీద బోర్లా పడుకుని ఆ పుస్తకమే చదువుతోంది. పాలపిట్ట బొమ్మ ఉన్న పేజీ. అప్పుడైనా ఏం చేయొచ్చో ఆలోచించండి. తెల్లారి పుస్తకం తీసుకెళ్లి, పెట్టె అడుగున పెట్టి, "ఇదిగో సార్, కిందనే ఉంది, చూసుకోలేదు" అంటే అయిపోయేది. నాలుగు మాటలు పడేవి. కానీ నేను అందరి ముందూ "చేతికిచ్చిన" అన్నాను కదా. ఆ మాట ఏం కావాలి? నా మాట నిలబడాలి. దానికోసం రుక్కి చదువు పోయినా ఫరవాలేదు. ఇట్లా ఈ మాటల్లో అనుకోలేదు నిజమే. కానీ చేసింది మాత్రం అదే.

మా ఆయన గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చాను. బడి ముద్ర ఉన్న పేజీలు రెండు. మొదటిది ఒకటి, మధ్యలోది ఒకటి. నీటుగా కోసేశాను.

"ఎందుకు కోస్తున్నవమ్మా?" అని మా అమ్మాయి అడిగింది.

"చిరిగినయి" అన్నాను.

మధ్య పేజీలో ఏ పిట్ట ఉందో మా అమ్మాయికి గుర్తుంది. చాలా రోజులు దానికోసం గునిసింది. ముద్ర లేని ఆ పుస్తకాన్ని సూర్యాపేటలో మా అమ్మవాళ్లింట్లో ఒక ట్రంకు పెట్టె అడుగున పడేశాను.

నాలుగు రోజులకు రుక్కి వాళ్ల నాయన బడికి వచ్చాడు. పేరు సక్రు. కూలిపని చేసేవాడు. వెనకాల రుక్కి. పిల్ల ముంజేతుల మీద వాతలు కనపడ్డాయి. ఇల్లంతా వెతికారట, గడ్డివాములో కూడా వెతికారట. బుక్కు ఎక్కడ పెట్టావో చెప్పమని కొట్టాడట. చెప్పడానికి ఏముంటే చెప్తుంది?

సక్రు తువ్వాలు విప్పి, అందులోంచి ఒక పుస్తకం తీశాడు. రెండు చేతులతో పట్టుకుని పెద్దసారు బల్ల మీద పెట్టాడు. మిర్యాలగూడ పోయి, బస్టాండు దగ్గర పుస్తకాల కొట్టు వెతుక్కుని, పిట్టబొమ్మ ఉన్న బుక్కు ఇమ్మని అడిగి కొన్నాడట. అతనికి చదువు రాదు. అట్ట మీద తెల్లటి కోడి బొమ్మ ఉంది.

"గదే గాకపోయినా గసుంటిదే సార్. పిట్ట బొమ్మున్నది. బిడ్డను బడిల గూసోనియ్యుండ్రి" అన్నాడు.

అది కోళ్ల పెంపకం పుస్తకం. ఫారం పెట్టేవాళ్లకు, దాణా ఎంత వేయాలి, ఏ రోగానికి ఏ మందు, అన్నీ రాసి ఉన్నాయి. పెద్దసారు అట్ట మీద పేరు పైకి చదివి పకపకా నవ్వాడు. మూడో టీచరు నవ్వాడు.

నేను కూడా నవ్వాను.

సక్రు కూడా నవ్వాడు, మేమెందుకు నవ్వుతున్నామో తెలియక. రుక్కి నవ్వలేదు. ఆ పిల్లకు చదవడం వచ్చు. నాయన తెచ్చింది ఏ పుస్తకమో దారిలోనే చదివి ఉంటుంది. చదివీ నాయనకు చెప్పలేదు. ఎట్లా చెప్తుంది? ఒక రోజు కూలి వదులుకుని వెళ్లి తెచ్చాడు.

నవ్వు అయిపోయాక పెద్దసారు మెత్తబడ్డాడు. పిల్లను కూర్చోమన్నాడు. తర్వాత మేం ముగ్గురం మాట్లాడుకున్నాం. చెదలు తిన్నవి, పనికిరానివి అని రాసే పట్టీ ఒకటి ఉంటుంది. అందులో పిట్టల పుస్తకం పేరు ఎక్కించి, చెదలు తిన్నదని రాసి, ముగ్గురం సంతకాలు పెట్టాం. ఒక్క వాక్యం. దాంతో అంతా ఖతం. నా జీతంలో పైసా కోయలేదు, నా మీద కాగితం రాలేదు. ఆ వాక్యం మొదటి రోజే రాయొచ్చు. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు. చెదల మీద తోసేయగలిగేదాన్ని ముందు పిల్ల మీద తోశాం. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు పటపటమంటాయి.

రుక్కి మూడు రోజులు వచ్చింది. పిల్లలు ఊరుకుంటారా? పక్కన కూర్చునేవాళ్లు సంచులు దగ్గరికి లాక్కున్నారు. "బలపం పోయింది, రుక్కినడుగు" అన్నారు. ఇంటర్వెల్లో కోడిలా కూశారు. నేను విన్నాను. గద్దించాల్సినదాన్ని. కాపీలు దిద్దుకుంటూ కూర్చున్నాను. నాలుగో రోజు రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. హాజరు పట్టీలో కొన్ని నెలలు గైర్హాజరు రాసి, తర్వాత ఆ పేరు మీద ఎర్రగీత గీశాను. అదీ నా చేతితోనే.

నాట్ల కాలంలో బస్సులోంచి చూసేదాన్ని. రోడ్డు పక్క పొలంలో ఆడవాళ్ల వరసలో చివర రుక్కి. మోకాళ్ల దాకా బురదలో వంగి నాటు వేసేది. బస్సు చప్పుడు వినగానే నడుం ఎత్తి చూసేది. ఏ బస్సుకు నేనొస్తానో తెలుసు ఆ పిల్లకు. నేను ముఖం ఇటు తిప్పుకునేదాన్ని. కొన్నాళ్లకు బస్సులో ఆ వైపు సీట్లో కూర్చోవడం మానేశాను.

బదిలీ వచ్చింది. కోదాడ వచ్చాం. ఏళ్లు గడిచాయి. మా అమ్మాయి బాగా చదువుకుంది, డిగ్రీ అయ్యాక ఇప్పుడు సూర్యాపేటలో అమ్మమ్మ దగ్గర ఉండి బి.ఎడ్. చదువుతోంది. చిన్నప్పటి నుంచి పుస్తకాలు చదివే అలవాటు చేశారని చుట్టాలు నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పు వినపడగానే నాకు లేచి పోవాలనిపిస్తుంది. కూర్చునే ఉంటాను. టీ కూడా తాగుతాను.

ఇప్పుడు అనంతగిరి వైపు ఒక చిన్న బళ్లో పనిచేస్తున్నాను. ఇక్కడ పుస్తకాల పెట్టెకు తాళం లేదు. శనివారం చాప పరిచి పుస్తకాలన్నీ దాని మీద పోస్తాను. పిల్లలు ఏది కావాలంటే అది తీసుకుంటారు, ఇంటికి తీసుకెళ్తారు. చిరుగుతాయి. పోతాయి. కూర చారికలతో తిరిగొస్తాయి. పోనీ. మంచి టీచరని పేరొచ్చింది. నాకు పేరు! ఈ మాట రాస్తుంటే నవ్వు కాదు, అసహ్యం వస్తోంది.

ఈ ఏడు ఒకటో తరగతిలో సునీత అనే పిల్ల చేరింది. తండా పిల్ల. శనివారం అందరూ చాప మీద పడితే, ఆ పిల్ల మాత్రం గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని కూర్చునేది. ఒక బొమ్మల పుస్తకం తీసి చేతిలో పెట్టబోయాను. చేయి ఇవ్వలేదు.

"మా అమ్మ ముట్టొద్దన్నది. ముడితే మనమే తీసినం అంటరంట" అంది.

నాకు అప్పుడే అర్థమైందా? అర్థమైంది. అయినా, కాకూడదని మొక్కుకుంటూ అడిగాను. మీ అమ్మ పేరేంటి? రుక్కి. మిర్యాలగూడ అవతల నుంచి ఇక్కడికి ఇచ్చారట. పదిహేనేళ్లకే ఇచ్చారట.

అమ్మను రమ్మని కబురు పెట్టాను. మూడు కబుర్లకు గాని రాలేదు. ఒక మధ్యాహ్నం మిరప చేను నుంచి అట్నుంచటే వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నన్ను గుర్తుపట్టింది. ఆశ్చర్యం ఏమీ లేదు ఆ ముఖంలో. సునీత నా గురించి చెప్పినప్పుడే అనుకుని ఉంటుంది.

ఎన్నేళ్లుగానో లోపల కట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. చివరికి, ఆ బుక్కు నువ్వు తియ్యలేదు రుక్కీ, నేనే మా ఇంటికి తీసుకపోయిన, అబద్ధమాడిన, అన్నాను. తల ఎత్తి చూడలేకపోయాను.

రుక్కి మెల్లగా అంది.

"నేను తియ్యలేదని నువ్వు నాకు జెప్తున్నవా టీచర్? నాకెరుకే గద. గప్పటి సంది నాకెరుకే."

నేను నోరు తెరవబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"మా నాయినకు జెప్పేదుండె. పోయినేడు ఖతమయిండు. మంచంల వడ్డంక గూడ అడిగిండు. 'బిడ్డా, ఇగనన్న నిజం జెప్పు, నిన్ను కొట్టెటంత సత్తువ గూడ లేదు నాకు' అన్నడు. తియ్యలే నాయినా అన్న. నమ్మిండో, నమ్మలేదో. కండ్లు మూసుకున్నడు."

నేను క్షమించమనలేదు. అనడానికి నోరు పెగల్లేదని కాదు, అనే హక్కు లేదనిపించింది. ఆ మాట అంటే మళ్లీ ఆవిడ దగ్గరే ఏదో అడుక్కున్నట్టు కదా.

"పిల్లకు నేనేం జెప్ప" అంది రుక్కి. "ముట్టుకోమని జెప్ప, ముట్టొద్దని జెప్ప. నువ్వే సూస్కో. నాకు జెప్తే నీకేమొస్తది? ఎరుక లేనోళ్లకు జెప్పు పో."

కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. పనికి ఆలస్యమవుతుందంది.

ఎరుక లేనోళ్లు ఎవరెవరు? ఆలోచించాను. ఆ పెద్దసారు ఇప్పుడు లేడు. సక్రు లేడు. ఆ రోజు గుమ్మాల్లో నిలబడి చూసిన పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో! పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, ఎక్కడో ఏదో మాటల్లో "మా బళ్లో ఒక పిల్ల బుక్కు ఎత్కపోయింది" అని ఇప్పటికీ చెప్తూ ఉంటారేమో. రుక్కి పుట్టిన తండాలో ఆవిడ తల్లి ఉంది. మా అమ్మాయి ఉంది.

మొన్న సూర్యాపేట వెళ్లి ముందు మా అమ్మాయికి చెప్పాను. ట్రంకు పెట్టెలోంచి పుస్తకం తీసి ముందు పెట్టి మరీ చెప్పాను. అది అంతా విని, పుస్తకం నా వైపు నెట్టేసింది. "నాతో జదివిచ్చింది దొంగ బుక్కా?" అంది. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతేనే బాగుంది. మాట్లాడి, పోనీలే అమ్మా అంటే తట్టుకోలేకపోయేదాన్ని. వచ్చే ఆదివారం వేములపల్లి బస్సెక్కి ఆ తండాకు పోతాను. సక్రు భార్య ముందు, పది మంది వినేట్టు చెప్పాలి. వాళ్లు తిడతారో, కొడతారో, కూర్చోబెట్టి నీళ్లిస్తారో తెలియదు. నీళ్లిస్తారేమోనని భయంగా ఉంది.

సునీత మొన్న శనివారం కూడా చాప దగ్గరికి రాలేదు. నేను పిలవలేదు. పిలిచే ముఖం నాకు లేదు.

మీరూ ఎరుక లేనివాళ్లే. అందుకే మీకు రాశాను. రుక్కి బుక్కు తీయలేదు. ఆ పిల్లకు ఎవరూ బుక్కు ఇవ్వనే లేదు. ఇస్తారని సంతకం పెట్టింది. తీసింది నేను, అబద్ధం ఆడింది నేను, నవ్వింది నేను. రాసేశాక ఊపిరి కాస్త ఆడుతోంది. దాని మీద కూడా కోపంగానే ఉంది నాకు. అయినా ఆడుతోంది. ఇక మీకు తెలుసు.